నూట నాలుగు ఖాళీ

పూణె,
4 జూలై 2025, శుక్రవారం

అక్కకు,

నిన్న నా మాట సగంలో ఉండగానే ఫోన్ పెట్టేశావు. అందుకే ఇది రాస్తున్నాను. "ఆడిట్‌ల నోటిమాట చెల్లదక్కా, రాసియ్యాలె" అని నేనన్నందుకు, "అట్లయితె ఇగ ఫోన్ చెయ్యకు, రాసుకుందాం" అని నువ్వే అన్నావు. సరే, రాసుకుందాం. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ లెక్కలు చూసి బతుకుతున్నవాణ్ణి, మన సొంత లాడ్జి లెక్క అడగడానికి నీ దగ్గర భయపడాల్సి వస్తోంది.

కోపం కాస్త పక్కన పెట్టు. పైన ఇంకో అంతస్తు వేయడానికి అప్పు అడిగాం కదా, ఈ నెలాఖరుకు బ్యాంకు పంపే ఆడిటర్ వస్తాడు. లాడ్జిలో సగం నాది కాబట్టి నా సంతకం అక్కడ చెల్లదు. ఆయన కంటే ముందు ఒకసారి చూసుకుంటే మంచిదని జూన్ నెల లెక్క తీశాను. పోయినేడు లాడ్జి బాగుచేయించినప్పుడు తలుపులకు కార్డు తాళాలు పెట్టించాను. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంది, లోపల కరెంటు ఎంతసేపు వాడారు, అన్నీ రిపోర్టుగా నా ఫోనుకు వస్తాయి. దాన్ని నీ రిజిస్టర్ పక్కన పెట్టి చూశాను. పదమూడు గదులకు ఎక్కడా తేడా లేదు. తేడా అంతా నూట నాలుగులోనే ఉంది.

జూన్‌లో పందొమ్మిది రోజులు "నూట నాలుగు ఖాళీ" అని నీ చేత్తోనే రాశావు. ఆ ఖాళీ రోజుల్లోనే ఆ తలుపు డెబ్బై మూడు సార్లు తెరుచుకుంది. అన్నీ పగటిపూటే. ఒక్కోసారి నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట. సోమవారాల్లో అయితే ఆరేడు సార్లు. సబ్బుల ఖర్చు పెరిగింది, ఫినాయిల్ రెట్టింపయింది. రిజిస్టర్‌లో మాత్రం ఒక్క రూపాయి రాలేదు.

బ్యాంకు ఆడిటర్‌కు ఇది కనిపిస్తే గంటకింతని గది ఇస్తున్నారనే రాస్తాడు. అలాంటి గదులు ఎవరు తీసుకుంటారో నేను నీకు చెప్పనక్కర్లేదు. ఎవరు తెరుస్తున్నారు, ఎందుకు, డబ్బు ఎక్కడికి పోతోంది, ఈ మూడింటికి జవాబు రాయి.

వైశాలి, పిల్లలు బాగున్నారు. మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

నీ తమ్ముడు
వినీత్

*

ఇబ్రహీంపట్నం,
8 జూలై 2025, మంగళవారం

ఆడిటర్ వినీత్ గారి సముఖమునకు పెద్దయ్య లాడ్జి నుంచి మహేశ్వరి రాసి ఇచ్చునది.

ఇట్లా మొదలుపెడితే చెల్లుతుందా తమ్ముడూ, లేక స్టాంపు పేపరు కొనమంటావా?

మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిదానికి జవాబు: ఎవరూ తెరవడం లేదు. నూట నాలుగు వెనక వైపు గది, పక్కనే జనరేటర్. మొత్తం లాడ్జి నిండితే తప్ప దాన్ని ఎవరూ అడగరు, అందుకే ఖాళీ. రెండోదానికి, మూడోదానికి కూడా అదే జవాబు.

నీ తాళాల సంగతి నేను చెప్తాను విను. పోయిన వారం రెండు వందల మూడో గది తాళంలో సెల్లు అయిపోయింది. కూతుర్ని కాలేజీలో చేర్పించడానికి నల్లగొండ నుంచి వచ్చిన పెద్దమనిషి వరండాలో బట్టలు ఆరేసుకుందామని బయటికి వచ్చి, తడి తువ్వాలుతో అక్కడే అరగంట నిలబడ్డాడు. కౌంటర్‌లో కూర్చునే మన శ్రీపాల్ ఫోన్‌లో కంపెనీవాళ్ళతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన నన్ను చూసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పద్నాలుగు తలుపులూ ఒక్కసారి కీచుమంటాయి. ఆ కీచుమన్న ప్రతిసారీ తలుపు తెరుచుకుందని నీకు రిపోర్టు పోతోందేమో కనుక్కో. అవి కాకిలెక్కలు.

సబ్బులూ ఫినాయిలూ యాదమ్మ చూసుకుంటుంది. లాడ్జి కట్టిన రోజు నుంచి గదులన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయి. వానలు మొదలయ్యాయి, గచ్చు జారుతోంది, ఫినాయిల్ ఎక్కువ పడుతుంది. నీకు చిన్నప్పుడు తలంటు పోసిన చెయ్యి అది, ఒక్క సబ్బు బిళ్ళ కూడా ఉత్తగా కరగనివ్వదు.

ఇక గంటకింత అన్న మాట. బాపు కొంగరకలాన్‌లో రెండెకరాలు అమ్మి ఈ లాడ్జి కట్టాడు. బోర్డు మీద ఆయన పేరే ఉంది. ఆయన పోయి ఆరేళ్ళు. మొగుడు పోయిన ఆడది లాడ్జి నడుపుతోందని ఊళ్ళో అననివాడు పాపాత్ముడు, అవన్నీ విని అరాయించుకున్నాను. నువ్వు కూడా అంటావని మాత్రం అనుకోలేదు. ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదు.

మోకాళ్ళు ఎట్లా ఉంటాయి, మెట్లెక్కినన్ని రోజులూ నొప్పే.

మహేశ్వరి

*

పూణె,
12 జూలై 2025, శనివారం

అక్కా,

నిన్ను అనలేదు. నిన్ను అంటానని ఎలా అనుకున్నావు?

తాళాల కంపెనీవాళ్ళతో గంట మాట్లాడాను. కీచుమనడం వేరు, తెరుచుకోవడం వేరు. కార్డు తాకితేనే తెరుచుకున్నట్టు లెక్క. అన్ని తలుపులూ తెరిచే కార్డులు లాడ్జిలో రెండే ఉన్నాయి. మొదటిది నీ సంచిలో ఉంటుంది. డెబ్బై మూడు సార్లూ తెరిచింది రెండో కార్డు. అది యాదమ్మ మెడలో ఉంటుంది.

ఈ పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. నా వృత్తిలో ఎన్ని చూశానో నీకు తెలియదు. నమ్మినవాళ్ళ దగ్గరే బొక్క ఉంటుంది, వేరేవాళ్ళ మీద మనకు ఎలాగూ ఒక కన్ను ఉంటుంది కాబట్టి. దుప్పట్లు ఉతికే బిల్లు కూడా చూశాను, అది పెరగలేదు. అంటే నీకు అనుమానం రాకుండా దుప్పట్లు మార్చకుండానే గది ఇస్తోందన్నమాట. అంత తెలివి ఆమెకు ఎవరు నేర్పారో.

శ్రీపాల్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాను, ఆ గది మీద కన్నేసి ఉంచమన్నాను. నువ్వు ఆమెను అడుగు. 21వ తేదీ సోమవారం పొద్దున తొమ్మిదిలోపు నీ జవాబు కాగితం మీద నాకు అందకపోతే రెండో కార్డును ఇక్కడి నుంచే ఆపేస్తాను. ఆ తర్వాత ఆమె మన దగ్గర పనిచేయడం కుదరదు. ఆ మాట చెప్పడం నీకు కష్టమైతే నేనే చెప్తాను.

ఇది ఆమె మీద కోపంతో కాదు. బ్యాంకు ఆడిటర్ పట్టుకుంటే ఊరంతా నీ పేరే అంటుంది. అది నేను చూడలేను.

వినీత్

*

ఇబ్రహీంపట్నం,
17 జూలై 2025, గురువారం

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న చేరింది. నిన్ననే యాదమ్మను పిలిచి అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నూట నాలుగు ఎందుకు తెరుస్తున్నవ్ యాదమ్మా?"

"ఊడ్వద్దా?"

"రోజుకు నాలుగుసార్లు ఊడుస్తవా?"

చీపురు గోడకు ఆనించి నా మొహంలోకి చూసింది. "ఎవలన్న ఏమన్న అన్నరా బిడ్డా?"

"వినీత్ అడుగుతుండు. గంటకింతని ఎవరికన్న ఇస్తున్నవా అని."

"నువ్వేమన్నవ్?" అంది. నేను నీ ఉత్తరం మడతపెడుతూ తల వంచుకున్నాను. "అయితె నువ్వు గూడ అన్నట్టే" అని చీపురు తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క నిమిషం నాకూ అనుమానం వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి మీద ఒక్క నిమిషం.

అందుకే ఈరోజు బ్యాంకుకు పోతున్నానని చెప్పి, పోకుండా వెనక జనరేటర్ గదిలో కూర్చున్నాను. పదకొండు గంటలకు సందువైపు తలుపు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఇద్దరు, తర్వాత ముగ్గురు. యాదమ్మ కార్డు పెట్టి నూట నాలుగు తెరిచింది. నేను వెనకాలే వెళ్ళి తలుపు తోశాను.

ఐదుగురు గోడ వారన నేల మీద కూర్చుని ఉన్నారు. చెప్పులు బయటే విడిచారు. మంచం మీద ఒక్కరు కూర్చోలేదు, యాదమ్మ దాని మీద ప్లాస్టిక్ కవరు పరిచింది. ఒకామె బాత్రూంలో ఉంది, మిగతావాళ్ళు వంతు కోసం చూస్తున్నారు. అంతే తమ్ముడూ. నీ డెబ్బై మూడు సార్లు అంటే అదే. వాళ్ళు బజార్లో కూరగాయలమ్మేవాళ్ళు. సోమవారాలు ఎందుకు ఎక్కువంటే, కొంగరకలాన్ కలెక్టరాఫీసులో దరఖాస్తులు ఇవ్వడానికి యాచారం, మంచాల దిక్కు నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ బస్సు మారతారు. ఒకరికొకరు చెప్పుకుని వస్తున్నారు. మగవాళ్ళకయితే ఏ గోడైనా చాలు, ఆడది ఎక్కడికి పోతుంది? దుప్పట్లు ఎందుకు పెరగలేదో, సబ్బులు ఎందుకు పెరిగాయో ఇప్పుడు తెలిసిందా పెద్ద ఆడిటరూ?

వాళ్ళలో సిద్దమ్మ అని ఒక ముసలామె ఉంది. మన గేటు ఎదురుగానే ఆకుకూరలమ్ముతుంది. డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, ఆపుకోలేదు. నన్ను చూసి భయపడి లేవబోయింది. యాదమ్మ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, "ఏం జేస్తవో నన్ను జెయ్యి, వీళ్ళనేం అనకు" అంది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తె నువ్వు వద్దంటవ్. వద్దన్నంక తెరిస్తె తప్పయితది. చెప్పకుంట తెరిస్తె గంత తప్పు గాదు."

ఏం చెప్పమంటావు? బయటివాళ్ళు లోపలికి రావద్దని గేటుకు బోర్డు పెట్టించింది నేనే.

ఇంకో సంగతి. నూట నాలుగు ఎక్కడ కట్టామో గుర్తుందా? బాపు బజారు ఆడవాళ్ళ కోసం వెనకాల రెండు బాత్రూములు కట్టించి తాళం లేకుండా వదిలేశాడు. లాడ్జి బాగుచేయించేటప్పుడు నువ్వే కాగితం మీద గీత గీసి, ఇది ఆదాయం లేని స్థలం, తీసేస్తే ఒక గది పెరుగుతుందన్నావు. నేను తలూపాను. ఆ గదే ఇది. వాళ్ళు ఎప్పుడూ వచ్చే చోటికే వస్తున్నారు. మధ్యలో మనమే తలుపు పెట్టాం.

ఇది రేపు పొద్దున స్పీడ్ పోస్టులో వేస్తాను, రెండు మూడు రోజుల్లో అందుతుందన్నారు. సోమవారం తొమ్మిదిలోపు నీ చేతిలో ఉంటుంది. ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. చేయను. నువ్వు రాత అడిగావు, రాతే ఇస్తున్నాను. చదివి సిగ్గుపడు.

అక్క

*

పూణె,
21 జూలై 2025, సోమవారం

అక్కా,

తొమ్మిదింపావు దాకా చూశాను. నీ జవాబు రాలేదు.

శనివారం కూడా ఆ గది ఐదుసార్లు తెరిచారు. శ్రీపాల్‌ను అడిగితే ఎవరో ఆడవాళ్ళు వచ్చిపోతున్నారని చెప్పాడు. ఇంతకంటే ఏం కావాలి? రెండో కార్డును ఇప్పుడే ఆపేశాను. ఆమెకు రావలసిన జీతం లెక్కకట్టి ఇచ్చేయి, పైన ఒక నెల ఎక్కువ ఇవ్వు. గొడవ చేయొద్దు, నలుగురిలో ఒక్క మాట కూడా అనొద్దు.

చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్న మనిషి గురించి ఇది రాయడం నాకు సులువు అనుకోకు.

వినీత్

*

ఇబ్రహీంపట్నం,
22 జూలై 2025, మంగళవారం

వినీత్,

నా ఉత్తరం నీకు చేరిందో లేదో తెలియదు. చేరినా ఇప్పుడు లాభం లేదు.

నిన్న పొద్దున నేను నిజంగానే బ్యాంకుకు వెళ్ళాను. మొదటి కార్డు నా సంచిలోనే ఉంది. పది గంటలకు ఇక్కడ జరిగింది శ్రీపాల్ ఏడుస్తూ చెప్పాడు, అతను చెప్పినట్టే రాస్తున్నాను.

సోమవారం కదా, పన్నెండు మంది దాకా వచ్చారు. యాదమ్మ కార్డు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదే. శ్రీపాల్ దగ్గరికి వచ్చి తలుపు తెరవమంది. అసలు సంగతి నేను అతనికి చెప్పలేదు. అతను కౌంటర్ దగ్గరి నుంచే, రూము ఖాళీ చేసి బిల్లు కడుతున్న ఇద్దరు మగవాళ్ళ ముందు, అందరికీ వినపడేట్టు అన్నాడు. "వినీత్ సార్ బంద్ చేయించిండు. ఇగ గంటల బేరం నడవది."

యాదమ్మకు ఆ మాట అర్థమయ్యేలోపే సిద్దమ్మకు ఆగలేదు. నడవాలో, పన్నెండు మంది మధ్యలో నిలబడే పోసుకుంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుని, "అయ్యో, గచ్చు ఖరాబైంది, గచ్చు ఖరాబైంది" అందట.

యాదమ్మ ఆ ఇద్దరు మగవాళ్ళనూ బయటికి పొమ్మని అరిచింది. సిద్దమ్మను గోడవైపు తిప్పి నిలబెట్టి తను అడ్డంగా నిలబడింది. వేరే ఆడవాళ్ళు ఆమెను సందులోకి తీసుకుపోయాక నేలంతా ఫినాయిల్‌తో తుడిచింది. బకెట్ కడిగి బోర్లించింది. మెడలోంచి కార్డు తీసి కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎవరినీ ఒక్క మాట అనలేదట.

సాయంత్రానికల్లా డిపో దగ్గర చాయ్ హోటల్‌లో యాదమ్మ గదులు గంటకిచ్చేదని మాట పుట్టింది. ఈరోజు ఆమె కోడలి అన్న వచ్చి కౌంటర్ ముందు నిలబడి, "నిజమేనా అక్కా? మా చెల్లెను ఆ ఇంట్ల ఉంచాల్నా, తోల్కపోవాల్నా?" అని అడిగాడు. అబద్ధమని చెప్పాను. "మరెందుకు తీసేసిండ్రు?" అన్నాడు.

నువ్వు ఆరు వందల కిలోమీటర్ల అవతల కూర్చుని ఒక వేలుతో ఇదంతా చేశావు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందంటే రాత కూడా తిన్నగా రావడం లేదు.

మహేశ్వరి

*

పూణె,
26 జూలై 2025, శనివారం

అక్కా,

నీ 17వ తేదీ ఉత్తరం 22వ తేదీ మధ్యాహ్నం వచ్చింది. ఆఫీసు గుమ్మంలో నిలబడి చదవడం మొదలుపెట్టాను, సగంలో కూర్చోవలసి వచ్చింది. రెండు గంటల పది నిమిషాలకు కార్డు మళ్ళీ తెరిపించి, నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. ఏదో జరిగి ఉంటుందని అప్పుడే అనుకున్నాను. ఏం జరిగిందో నిన్న నీ 22వ తేదీ ఉత్తరం చదివాక తెలిసింది.

నన్ను నేను సమర్థించుకోను. దుప్పట్ల బిల్లు పెరగలేదని చూసినప్పుడే నాకు తెలియాల్సింది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేదే అది, అంకె నీ అనుమానానికి ఎదురు తిరిగితే అనుమానాన్ని మార్చుకో, అంకెను కాదు అని. మన ఇంటి దగ్గరికి వచ్చేసరికి అంకెనే వంచాను. ఆదాయం లేని స్థలమని గీత గీసింది కూడా నేనే. అది నువ్వు రాసేదాకా నాకు గుర్తు కూడా లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఒక కాగితం జత చేస్తున్నాను. యాదమ్మ మీద నేను చేసిన ఆరోపణ పూర్తిగా తప్పని, నూట నాలుగులో ఏ డబ్బూ చేతులు మారలేదని రాసి, సంతకం చేసి, నా ముద్ర వేశాను. కౌంటర్ దగ్గర అందరికీ కనపడేట్టు అంటించు. ఆమె కోడలి అన్నకూ ఒక కాపీ ఇవ్వు. సిద్దమ్మకు ఐదు వేల చెక్కు పంపుతున్నాను. యాదమ్మ జీతం మూడు వేలు పెంచు. ఆమెను ఎలాగైనా వెనక్కి తీసుకురా.

ఒక్కసారి ఫోన్ ఎత్తు అక్కా.

వినీత్

*

ఇబ్రహీంపట్నం,
1 ఆగస్టు 2025, శుక్రవారం

తమ్ముడూ,

చెక్కు తిప్పి పంపుతున్నాను. సిద్దమ్మకు చూపించాను. "ఇది దేనికి బిడ్డా? నేనేం అమ్మలేదు గద" అంది.

నీ కాగితం అంటించాను. చదివినవాళ్ళు తక్కువ. నిజం గడప దాటేలోపు అబద్ధం ఊరు చుట్టి వచ్చింది. శ్రీపాల్‌ను చాయ్ హోటల్‌కు పంపి అసలు సంగతి చెప్పించాను. వాళ్ళు నవ్వి, "మీ అక్క చెప్పమందా?" అన్నారట. కోడలి అన్నకు మాత్రం నేనే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాను. అతను నమ్మాడు, చెల్లెల్ని ఉంచాడు. అంతవరకు నీ ముద్ర పనికొచ్చింది.

బ్యాంకు ఆడిటర్ మొన్న వచ్చాడు. నీ రిపోర్టు ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు పెన్ను పక్కన పెట్టేశాడు. తర్వాత "సొంత వాడకం" అని రాసుకున్నాడు. అంతే తమ్ముడూ, రెండు నిమిషాల పని. దీని కోసమే మనం అంత చేశాం.

యాదమ్మ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. చాయ్ పెట్టింది, పీట వేసింది, మర్యాదకు ఏ లోటూ లేదు. మనం బయటివాళ్ళం అయ్యామని ఆ మర్యాదలోనే తెలిసింది. జీతం పెంచుతాడట అంటే తల అడ్డంగా ఊపింది. "నా పేరు సంగతి నేను జూసుకుంట. ఊరు అంటది, మరుస్తది. సిద్దమ్మ నా ఎంబడి వచ్చింది. నేను తెరుస్త అంటెనే వచ్చింది. ఆమె మల్ల ఆ తలుపు దాటిననాడు నేనొస్త. అప్పటిదాక నన్ను పిల్వకు."

సిద్దమ్మ రావడం లేదు. మూడుసార్లు చెయ్యి పట్టుకుని పిలిచాను. "వద్దు బిడ్డా, నాకిప్పుడు వస్తలేదు" అంటుంది. పక్కన కూర్చునే ఆమెను అడిగితే తెలిసింది, పొద్దున ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్ళు ముట్టడం లేదట. షుగర్ మనిషి. మొన్న ఒకసారి కళ్ళు తిరిగి గోంగూర కట్టల మీద పడిపోయింది.

నిన్ను తిట్టినదంతా నిజమే. కానీ ఒకటి మాత్రం రాయాలి. ఆ గురువారం ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. నీకు బుద్ధి చెప్పాలని ఉత్తరమే వేశాను. నా పంతానికి ఆ ముసలామె నలుగురిలో నిలబడింది. నీది ఒక వేలు, నాది మూసుకున్న నోరు, అంతే తేడా.

అక్క

*

ఇబ్రహీంపట్నం,
12 ఆగస్టు 2025, మంగళవారం

తమ్ముడూ,

నిన్న నువ్వు వచ్చినట్టే నాకు తెలియదు. మధ్యాహ్నం మూడు గంటలకు కౌంటర్‌లో తల వంచుకుని రాసుకుంటుంటే, "బిడ్డా, జర తలుపు తియ్యి" అని వినిపించింది. ఎదురుగా సిద్దమ్మ. తొందరలో కార్డు రెండుసార్లు కింద పడేసుకున్నాను. లోపలి నుంచి వచ్చాక, "బయట మీ తమ్ముడు నా సరుకు కాడ కూసున్నడు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నువ్వు లోపలికి వచ్చావు, మొహం కడుక్కున్నావు, ఆకుకూరలాగే ఎండకు వాడిపోయినట్టున్నావు. అన్నం తినమంటే విమానానికి టైమయిందన్నావు. పొద్దున ఎనిమిది నుంచి అక్కడే ఉన్నావని శ్రీపాల్ చెప్పాడు, అతను నిన్ను చూసి భయపడి బయటికి రాలేదట.

ఈరోజు పొద్దున ఏడింటికి యాదమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. కార్డు మెడలో వేసుకుని, మూలలన్నీ చూసి, "మూడు వారాలు ఎవలు ఊడ్చిండ్రో గాని గోడలకు బూజు పట్టిచ్చిండ్రు" అని గొణుక్కుంది. నాతో ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడుతుంది, నేను ఆగుతాను. నూట నాలుగుకు కార్డు తాళం తీయించి గొళ్ళెం పెట్టిస్తున్నాను, గది నుంచే నేరుగా సందులోకి తలుపు పెట్టిస్తున్నాను. ఆదాయం లేని గదిగానే రాసుకో.

మూడుసార్లు చెయ్యి పట్టుకున్నా రాని మనిషి నీ మాటకు ఎలా లేచింది? ఏం చెప్పావు? ఆమెను అడిగితే, "ఆయన్నే అడుగు" అంటోంది. ఇప్పుడు ఫోన్ ఎత్తుతాను గానీ, ఇది ఫోన్‌లో అడగబుద్ధి కాలేదు.

అక్క

*

పూణె,
16 ఆగస్టు 2025, శనివారం

అక్కా,

నేను ఏమీ చెప్పలేదు. చెప్పాలని విమానంలో వస్తూ ఎన్నో అనుకున్నాను, అక్కడ కూర్చున్నాక ఒక్కటీ పనికిరాలేదు.

ముందు ఆరు కట్టల గోంగూర కొన్నాను. డబ్బులిచ్చి పక్కనే రాయి మీద కూర్చున్నాను. "ఎవలింటోనివి బిడ్డా?" అంది. పెద్దయ్య కొడుకునన్నాను. ఆమె మొహం వెలిగింది. బాపు తన దగ్గర తోటకూర తప్ప ఏమీ కొనేవాడు కాదని, పైసల దగ్గర మాత్రం కొట్లాడేవాడని నవ్వింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి చిన్నగా చెప్పింది.

"మీ లాడ్జిల నాకొక ఇజ్జత్ పోయే పని అయింది బిడ్డా. ఎవడో ఎక్కడ్నో కూసోని ఫోన్ల తలుపు బందు జేసిండంట. వానికి తల్లి లేదు గావొచ్చు."

"నేనే అవ్వా" అన్నాను.

సీసాలోంచి చేతిలోకి నీళ్ళు వంపుకుని ఆకుల మీద చల్లింది. ఎవరో వచ్చారు, కొత్తిమీర ఇచ్చింది. ఇంకొకరు వచ్చారు. గంటసేపు నావైపు చూడలేదు. లేచి వెళ్ళిపోదామని చాలాసార్లు అనిపించింది, అయినా కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆకులకు గంట గంటకూ నీళ్ళు చల్లుతోంది గానీ తను మాత్రం గుక్కెడు తాగలేదు. అది చూస్తూ నేనూ తాగలేకపోయాను.

రెండు దాటాక నా వైపు తిరిగింది. "పొద్దుగాల్నుంచి కూసున్నవ్. నీకు వస్తలేదా?"

వస్తోందన్నాను. చాలాసేపటి నుంచి వస్తోంది, నిజంగా ఓర్చుకోలేకపోతున్నాను.

"మరి పో. నీకైతె తెరుస్తరు."

అక్కా, ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అంతమంది మధ్య నాకు ఏడుపు వచ్చేసింది. నేను వెళ్ళనన్నాను. "నువ్వు పోతెనే పోతనవ్వా."

"జిద్దు జెయ్యకు, రోగమొస్తది."

"నీకు రాదా రోగం?"

"మీ బాపు గూడ గిట్లనే సతాయించెటోడు" అని గొణిగి, సీసా ఎత్తి ఉన్న నీళ్ళన్నీ తాగింది. నాలుగో ఐదో గుక్కలు. మూతి తుడుచుకుంది. ఇంకో అరగంట ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత మోకాలి మీద చెయ్యి పెట్టి లేచి, ముందున్న కట్టలను ఒక్కొక్కటి వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"నలభై ఒకటున్నయ్. తక్కువైతె నిన్నే అడుగుత."

గేటు వైపు వెళ్ళింది. నేను ఆ కట్టల మీద నుంచి చూపు తిప్పలేదు. ఒకాయన వచ్చి ధర అడిగితే ఆమె వచ్చాక రమ్మన్నాను.

తిరిగొచ్చి కూర్చుంది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది, ఒక్కొక్క కట్టనూ తాకుతూ, తొందర లేకుండా. నలభై ఒకటి దాకా పెదవులు కదిలాయి.

"సరిపోయినయ్" అంది. "ఇగ నువ్వు పో బిడ్డా."

వినీత్